పాఠకుల ప్రశ్నలు: ఓట్ల ముందు తగ్గిన పన్ను ఎవరి ఇంటికి చేరింది?

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా మహారాష్ట్ర సరిహద్దు తాలూకాల్లోని మన తెలుగువాళ్ల నుంచే వచ్చాయి. సిరోంచ, అహేరి, బల్లార్‌పూర్, కిన్వట్, ధర్మాబాద్, దెగ్లూర్. మాటలు వేరైనా అందరూ అడిగింది ఒకటే: ఎన్నికలు దగ్గర పడగానే ఏదో ఒక పన్ను తగ్గిస్తారు, అందులో మాకు వచ్చిందేమిటి? ఒకే రకంగా ఉన్నవి కలిపేసి కొన్నింటికి జవాబు రాస్తున్నాను. పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: 12 లక్షల దాకా ఇన్‌కమ్ ట్యాక్స్ లేదని టీవీలో రోజంతా చెప్పారు. నేను బట్టలు కుడతాను, మా ఆయన వేరేవాళ్ల ట్రాక్టర్ నడుపుతాడు. ఇద్దరిదీ కలిపినా ఏడాదికి రెండు లక్షలు దాటదు. ఇందులో మాకేమైనా ఉందా? లేకపోతే మాకు రావాల్సిందే వాళ్లకు పోయిందా? (సిరోంచ నుంచి ఒక అక్క)

జవాబు: అక్కా, దాపరికం లేకుండా చెప్తాను, ఇందులో మీకు ఒక్క రూపాయి కూడా లేదు. ఒక పన్ను తగ్గిస్తే అది కట్టేవాళ్లకే మిగులుతుంది, మీ ఆదాయానికి ఆ పన్ను ఎప్పుడూ పడలేదు. 2019 ఫిబ్రవరి 1న, లోక్‌సభ ఎన్నికలు ముంగిట ఉండగా పెట్టిన మధ్యంతర బడ్జెట్‌లోనే 5 లక్షల దాకా పన్ను పడకుండా చేశారు. 2023లో కొత్త విధానంలో (రేట్లు తక్కువ, మినహాయింపులు కూడా తక్కువ ఉండే పద్ధతి) దాన్ని 7 లక్షలు చేశారు. 2025 ఫిబ్రవరి 1న 12 లక్షలన్నారు, జీతం తీసుకునేవాళ్లకు స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను లెక్కకు ముందే జీతంలోంచి తీసేసే మొత్తం) కలిపితే 12 లక్షల 75 వేలు. ఆ తర్వాత నాలుగో రోజున ఢిల్లీ అసెంబ్లీ పోలింగ్. 7 లక్షల లోపువాళ్లు అప్పటికే ఏమీ కట్టడం లేదు కాబట్టి ఆ రోజు ప్రకటించిన ఊరట మొదలైందే 7 లక్షల పైన. కొత్త విధానంలో ఉన్నవాళ్లలో 8 లక్షలు వచ్చేవాళ్లకు 30 వేలు మిగిలింది, 12 లక్షలవాళ్లకు 80 వేలు, 25 లక్షలవాళ్లకు లక్షా 10 వేలు. 140 కోట్ల మంది ఉన్న దేశంలో రిటర్నులు వేసేది ఎనిమిది తొమ్మిది కోట్ల మంది, వాళ్లలోనూ ఎక్కువ మంది కట్టే పన్ను సున్నా. టీవీలో అంతసేపు దీని గురించే చెప్పారంటే టీవీలో మాట్లాడేవాళ్లంతా ఆ కొద్దిమందిలో ఉన్నవాళ్లే కావడం వల్ల.

మీ రెండో మాట ఇంకా ముఖ్యమైంది, దాన్ని చాలామంది అడగరు. ఈ తగ్గింపు వల్ల సుమారు లక్ష కోట్లు రాకుండా పోతుందని బడ్జెట్ ప్రసంగంలోనే చెప్పారు. ఇన్‌కమ్ ట్యాక్స్ కేంద్రం ఒక్కదానిదే కాదు. పంచాల్సిన పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకు పోవాలి, ఆ భాగంలో అప్పటి లెక్క ప్రకారం మహారాష్ట్ర వాటా 6.317 శాతం. స్థూలంగా వేసుకున్నా, లక్ష కోట్లు తగ్గితే మన రాష్ట్రానికి వచ్చే దాంట్లో 2,500 కోట్లకు పైగా తగ్గినట్టే. రాష్ట్రం డబ్బుతో నడిచేవి ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు: జిల్లా పరిషత్ బడి, సర్కారు దవాఖాన, ఎస్టీ బస్సు (మహారాష్ట్ర సర్కారు ఆర్టీసీ). ముంబైలో 12 లక్షలు సంపాదించే మనిషికి ఇవేవీ లేకపోయినా రోజు గడుస్తుంది, చేతిలో మిగిలిన 80 వేలతో ప్రైవేటు ఆసుపత్రికి పోతాడు. సిరోంచ నుంచి జిల్లా కేంద్రం గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్లు, ఒంట్లో బాగా లేకపోతే జనం వంతెన దాటి తెలంగాణకు పోతున్నారు. ఇక్కడి దవాఖానకు ఇంకో డాక్టరును వేయాలంటే డబ్బు ఆ వాటాలోంచే రావాలి. అందుకే మీ ప్రశ్నకు నా జవాబు అవును. మీకు నోటుగా రావాల్సింది పోలేదు, మీ ఊరికి సౌకర్యంగా రావాల్సిన దాంట్లో కొంత పోయింది.

మీకు నిజంగా కాస్త తగిలింది 2025 సెప్టెంబరు 22న తగ్గిన జీఎస్టీ. కుట్టు మిషను, దాని పార్టుల మీద 12 శాతం ఉండేది 5 అయింది, సబ్బు, తలనూనె, టూత్‌పేస్టు మీద 18 ఉండేది 5 అయింది. పిల్లల నోటుబుక్కులు, పెన్సిళ్ల మీద అసలు తీసేశారు. ట్రాక్టరు మీద కూడా 12 నుంచి 5కి దించారు, కానీ అది కొనే యజమానికి మిగులుతుంది, నడిపే మీ ఆయన కూలిలోకి దానంతట అది రాదు. ఇంకో సంగతి, మీరు విడిగా కొనే బియ్యం, జొన్నలు, పప్పుల మీద ముందు నుంచే జీఎస్టీ లేదు, వంటనూనె మీద 5 శాతం, ఇంటి గ్యాస్ మీద 5 శాతం అలాగే ఉన్నాయి. మీ ఖర్చులో పెద్ద భాగం తిండి, గ్యాసే కాబట్టి నెలాఖరుకు తేడా పెద్దగా కనిపించకపోవడం మీ భ్రమ కాదు.

ప్రశ్న: నేను స్కూల్లో వంట చేస్తాను. లడ్కీ బహిన్ (మహారాష్ట్ర ప్రభుత్వం ఆడవాళ్లకు ఇచ్చే సాయం) పైసలు నెలకు 1,500 వస్తాయి. మా దగ్గర సార్లు "మేం ట్యాక్స్ కడితే మీరు కూర్చుని తింటున్నారు" అంటారు. వాళ్లకు ఏం చెప్పాలి? (కిన్వట్ నుంచి ఒక చెల్లెలు)

జవాబు: చెల్లెమ్మా, ఈ ఉత్తరం చదివాక నాకు నిజంగా కోపం వచ్చింది. మీకు ఏడాదికి వచ్చేది 18 వేలు. 12 లక్షలు తెచ్చుకునే సారుకు 2025లో ఒక్క బడ్జెట్‌తో మిగిలింది 80 వేలు. మీరు ఆధార్ ఇచ్చి, ఇంటి ఆదాయం రెండున్నర లక్షల లోపని చూపించి, ఈ-కేవైసీ కోసం లైన్లో నిలబడి, పేరు జాబితాలో ఉందో తీసేశారో అని టెన్షన్ పడాలి. సారుకు మిగిలిన 80 వేలకు ఏ లైనూ లేదు, ఏ ఎంక్వైరీ లేదు.

పైగా మీరు పన్ను కట్టడం లేదన్నది అబద్ధం. మీరు కొనే సబ్బులో జీఎస్టీ ఉంది, మీరు ఎక్కే ఆటో పోసుకునే పెట్రోలు, డీజిల్లో కేంద్రం ఎక్సైజు, రాష్ట్రం వ్యాట్ రెండూ ఉన్నాయి, ఆ ఖర్చు మీ టికెట్లో ఉంది. 1,500 లోంచి కొంత అలా తిరిగి ఖజానాకే పోతుంది. ఇంకొకటి కూడా వాళ్లకు చెప్పండి. 2019 సెప్టెంబరు 20న కంపెనీల పన్నును 30 శాతం నుంచి 22కి దించారు, కొత్తగా పెట్టే ఫ్యాక్టరీలకైతే 15కి. ఏడాదికి లక్షా 45 వేల కోట్లు తగ్గుతుందని ఆ రోజే ప్రభుత్వం చెప్పింది. మర్నాడే మహారాష్ట్ర అసెంబ్లీ ఎన్నికల తేదీలు వచ్చాయి. ఆ కంపెనీల యజమానులను "కూర్చుని తింటున్నారు" అని మన ఆఫీసుల్లో ఎవరూ అనలేదు.

లడ్కీ బహిన్ కూడా ఓట్ల కోసం పెట్టిందే, అందులో నాకు సందేహం లేదు. 2024 జూన్ 28న బడ్జెట్‌లో ప్రకటించారు, నవంబరు 20న పోలింగ్, మళ్లీ గెలిపిస్తే 2,100 చేస్తామన్నారు. గెలిచాక జాబితాలోంచి పేర్ల ఏరివేత మొదలుపెట్టారు. ఏ పార్టీ అయినా ఇదే పని చేస్తోంది. కానీ ఓటు కోసం ఇచ్చినదాన్ని తీసుకున్నందుకు తల దించుకోవాల్సిన వాళ్ల వరుసలో మీరు మొదటివారు కాదు, చివరివారు కూడా కాదు.

ప్రశ్న: నాది చిన్న కిరాణా దుకాణం. జీఎస్టీ తగ్గింది, 13 రూపాయలు తగ్గించు అని కస్టమర్లు గొడవ పడుతున్నారు. పాత రేటుకు కొన్న సరుకు ఇంకా ఉంది. లాభం నేనే మింగుతున్నానని అంటున్నారు. (ధర్మాబాద్)

జవాబు: అన్నా, ముందు ఆ 13 సంగతి. 18 నుంచి 5కి తగ్గితే వంద రూపాయల ఎంఆర్‌పీ 87 కాదు, 89 కావాలి. ఎందుకంటే పన్ను అసలు ధర మీద వేస్తారు, ఎంఆర్‌పీ మీద కాదు. 118కి అమ్మేది 105 కావాలి. ఈ లెక్క ఒక అట్టముక్క మీద రాసి గల్లా పక్కన పెట్టండి, సగం గొడవలు తగ్గుతాయి.

రెండోది మీరు ఏ పద్ధతిలో ఉన్నారన్నది. రెగ్యులర్ రిజిస్ట్రేషన్ ఉంటే పాత సరుకు మీద కట్టిన 18 మీకు క్రెడిట్‌గా వస్తుంది, అంటే మీరు కట్టాల్సిన పన్నులో తగ్గుతుంది, కాబట్టి ఆ సరుకును కూడా తగ్గించి అమ్మాల్సిందే, పాత స్టాక్ అని చెప్పడం సరికాదు. కాంపోజిషన్‌లో ఉండి టర్నోవర్ మీద 1 శాతం కడుతున్నారంటే మీకు క్రెడిట్ రాదు. 18 శాతం కట్టి కొన్న పెట్టెలు మీ దగ్గర మిగిలి ఉంటే తగ్గించి అమ్మినంత మేర నష్టం మీదే. పండగ సరుకు ముందే దింపుకున్న చిన్న దుకాణాలకు ఇది గట్టి దెబ్బ, పన్ను తగ్గింపు మీద వచ్చిన ప్రకటనల్లో ఎవరూ వీళ్ల మాట ఎత్తలేదు. రిజిస్ట్రేషనే లేని దుకాణాలదీ ఇదే పరిస్థితి.

ఇక మింగే సంగతి. తగ్గిన పన్ను కంపెనీ, డిస్ట్రిబ్యూటర్, దుకాణం దాటి వస్తే గానీ కొనేవాడి చేతికి చేరదు. 2017లో జీఎస్టీ తెచ్చినప్పుడు పన్ను తగ్గినా ధర తగ్గించని వాళ్ల మీద విచారణకు ఒక అథారిటీ పెట్టారు. తర్వాత ఆ పనిని ఒకరి నుంచి ఒకరికి మార్చి, చివరికి 2025 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఫిర్యాదులు తీసుకోవడమే ఆపేశారు. ఆ తర్వాత ఐదున్నర నెలలకు దేశంలో అన్నిటికన్నా పెద్ద జీఎస్టీ తగ్గింపు వచ్చింది. ధరలు తగ్గాయో లేదో అధికారులు కొన్ని వస్తువుల మీద నిఘా పెట్టారు, 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయమన్నారు, కానీ వెనక ఉండాల్సిన చట్టం పళ్లు ముందే పీకేశారు. ఐదు రూపాయల, పది రూపాయల ప్యాకెట్ల విషయంలో చాలా కంపెనీలు ధర తగ్గించలేదు, గ్రాములు పెంచాయి. పల్లెలో రోజు కూలి తెచ్చుకుని కొనేది ఆ చిన్న ప్యాకెట్లే. నాలుగు బిస్కెట్ల ప్యాకెట్లో ఇంకో బిస్కెట్ వచ్చింది గానీ చేతిలో డబ్బు మిగల్లేదు. అదే టైంలో 28 నుంచి 18కి దిగిన చిన్న కారు కొన్నవాళ్లకు షోరూంలోనే వేలల్లో తేడా కనిపించింది. కారు బిల్లు కాగితం మీద పన్ను విడిగా రాసి ఉంటుంది, దాచడానికి వీలు లేదు. బిల్లు లేని చోట కొనేవాళ్లకే తగ్గింపు ఎంత వచ్చిందో తెలియకుండా పోతుంది, అందుకే మీ దుకాణంలో చిన్న బిల్లయినా రాసివ్వమని అడుగుతున్నాను.

ప్రశ్న: ఆటో నడుపుతాను. ఎన్నికల ముందు పెట్రోలు, డీజిల్ తగ్గుతాయి లేదా ఆగిపోతాయి, ఫలితాలు రాగానే పెరుగుతాయి. ఇది మా అనుమానమా, నిజమేనా? (బల్లార్‌పూర్)

జవాబు: తమ్ముడూ, తేదీలు చూస్తే నీకే తెలుస్తుంది. 2020 మార్చిలో, మే నెలలో కలిపి కేంద్రం ఎక్సైజును పెట్రోలు మీద 13 రూపాయలు, డీజిల్ మీద 16 రూపాయలు పెంచింది, అప్పుడు దగ్గర్లో పెద్ద ఎన్నికలు లేవు, ప్రపంచంలో ముడి చమురు నీళ్ల ధరకు పడిపోయింది, ఆ లాభం మనదాకా రాలేదు. 2021 నవంబరు 2న ఉప ఎన్నికల ఫలితాలు వచ్చాయి, మర్నాడే పెట్రోలు మీద 5, డీజిల్ మీద 10 తగ్గించారు. తర్వాత ఉత్తరప్రదేశ్, పంజాబ్ ఎన్నికలు అయ్యేదాకా, ముడి చమురు వంద డాలర్లు దాటినా బంకుల్లో ధర కదల్లేదు. 2022 మార్చి 10న ఫలితాలు, 22 నుంచి మొదలుపెట్టి రెండు వారాల్లో దాదాపు 10 రూపాయలు పెంచారు. ఆ ఏడాది మేలో మళ్లీ పెట్రోలు మీద 8, డీజిల్ మీద 6 తగ్గించారు, అది మాత్రం ఎన్నికలకు సంబంధం లేకుండా ధరలు మండిపోతున్నందుకు చేసిందే, దాన్ని నేను తప్పుపట్టను. 2024 మార్చి 15 నుంచి 2 రూపాయలు తగ్గింది, 16న లోక్‌సభ షెడ్యూల్ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ముడి చమురు తగ్గినప్పుడు బంకు ధర తగ్గించకుండా ఎక్సైజును 2 రూపాయలు పెంచుకున్నారు. నీది అనుమానం కాదు.

ఇందులో రాష్ట్రం వంతు మన జిల్లాలవాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. 2024 అసెంబ్లీ ఎన్నికల ముందు బడ్జెట్‌లో మహారాష్ట్ర ప్రభుత్వం డీజిల్ మీద వ్యాట్ 24 నుంచి 21కి, పెట్రోలు మీద 26 నుంచి 25కి తగ్గించింది. ఎక్కడ? ముంబై, ఠాణే, నవీ ముంబైలలో మాత్రమే. మిగతా రాష్ట్రంలో ముందు నుంచే 21, 25 ఉన్నాయి, వాళ్లకు సమానం చేశామన్నారు, ఆ మాట నిజమే. కానీ ఖర్చు పెట్టిన డబ్బు మొత్తం రాష్ట్రానిది, చంద్రపూర్‌కు, గడ్చిరోలికి, నాందేడ్‌కు ఆ వ్యాట్ తగ్గింపులో పైసా రాలేదు. అదే అక్టోబరు 14 అర్ధరాత్రి నుంచి ముంబైలోకి వెళ్లే ఐదు టోల్ నాకాల దగ్గర కార్లకు టోల్ తీసేశారు, మర్నాడు ఎన్నికల కోడ్ వచ్చింది. అంతకుముందు 2022 జనవరి 1న, కార్పొరేషన్ ఎన్నికలు రాబోతున్నాయనగా, అప్పట్లో ఉన్న వేరే ప్రభుత్వం ముంబైలో 500 చదరపు అడుగుల లోపు ఇళ్లకు ఆస్తి పన్ను తీసేస్తున్నామని ప్రకటించింది. అక్కడి చిన్న ఇంటివాళ్లకు అది అవసరమే. మరి రెండు గదుల రేకుల ఇంటికి మన గ్రామ పంచాయతీల్లో ఘర్‌పట్టీ (ఇంటి పన్ను) కట్టేవాళ్లు ఏం తప్పు చేశారు? ముంబై ప్రాంతంలో అసెంబ్లీ సీట్లు పదుల్లో ఉన్నాయి, గడ్చిరోలి జిల్లా మొత్తానికి మూడు. తగ్గింపు ఎటు పోతుందో ఆ సీట్ల లెక్కే చెప్తోంది. ఈసారి ప్రచారానికి వచ్చినవాళ్లను డీజిల్ ఎంత తగ్గిస్తావు అని కాకుండా, ఎన్నాళ్లు తగ్గించి ఉంచుతావు, మన జిల్లాకు వర్తిస్తుందా అని అడుగు.

ప్రశ్న: ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, జీతం 18 వేలు. నెలకు 200 ప్రొఫెషనల్ ట్యాక్స్ కోస్తున్నారు. ఆడవాళ్లకు లేదని విన్నాను. (దెగ్లూర్)

జవాబు: సరిగ్గానే విన్నారు. మహారాష్ట్రలో 2023 ఏప్రిల్ నుంచి నెల జీతం 25 వేల లోపు ఉన్న మహిళలకు ఈ పన్ను లేదు, అంతకుముందు ఆ హద్దు 10 వేలు. మీ జీతం స్లిప్పు తీసుకుని ఆఫీసులో అడగండి, కోసింది వెనక్కి ఇప్పించుకోండి. ఇన్ని తగ్గింపుల్లో మీలాంటి వాళ్లకు నేరుగా అందేది ఇదొకటి, దాని గురించి గట్టిగా చెప్పినవాళ్లు లేరు కాబట్టే ఇప్పటికీ కోస్తున్నారు. మగవాళ్లకు మాత్రం 10 వేలు దాటితే ఏడాదికి 2,500 పడుతూనే ఉంది.

ప్రశ్న: తునికాకు మీద జీఎస్టీ 18 నుంచి 5కి తగ్గిందని పేపర్లో చూశాం. మా గ్రామసభే ఆకు వేలం వేస్తుంది. తెంపే వాళ్లకు రేటు పెరగాలి కదా? (అహేరి తాలూకా నుంచి ఒక గ్రామసభ సభ్యుడు)

జవాబు: పెరగాలి, కానీ మీరు అడిగితేనే పెరుగుతుంది. ఆ పన్ను తెంపేవాళ్లు కట్టేది కాదు, కొనే కాంట్రాక్టర్ కట్టేది. నవీన్ పట్నాయక్ ఒడిశా ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు దీన్ని ఎత్తేయాలని కేంద్రాన్ని అడిగారు, 18 శాతం పడటం వల్ల కొనేవాళ్లు ఆ మేరకు ఆకు ధర తగ్గిస్తున్నారన్నది అక్కడి వాదన. ఆ వాదన నిజమైతే తగ్గించినప్పుడు ధర పెరగాలి. రేటు తగ్గింది 2025 సెప్టెంబరు 22న. మన దగ్గర తెంపడం ఏప్రిల్, మేలోనే అయిపోతుంది. అంటే ఆ ఏడాది తెంపినవాళ్లకు పాత లెక్క మీదే కూలి అందింది, ఆకు గోదాముల్లోకి చేరాక పన్ను తగ్గింది, మొదటి లాభం గోదాము తాళం ఉన్నవాడిది. బీడీ మీద కూడా ఆ తర్వాత 28 నుంచి 18కి దించారు, అదీ కంపెనీ చేతికే ముందు వెళ్లేది.

కాంట్రాక్టర్ మీతో ఒక మాట అంటాడు: ఆకు మీద కట్టింది బీడీ పన్నులో సర్దుబాటు అవుతుంది, నాకేం మిగల్లేదు అని. రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద కంపెనీ విషయంలో అందులో కొంత నిజం ఉంది. అయినా వంద రూపాయల ఆకుకు ముందుగా 118 పెట్టాల్సినవాడు ఇప్పుడు 105 పెడితే చాలు, అంత నగదు అతని చేతిలో ఆడుతోంది, దానికి వడ్డీ కూడా మిగులుతోంది. వేలానికి ముందు గ్రామసభ తీర్మానంలో ఈ సంగతి రాయించండి, పోయిన ఏడాది ధరనే మొదటి పాటగా పెట్టకుండా దాని మీద కొంత పెంచి మొదలుపెట్టండి. పక్క ఊళ్ల గ్రామసభలతో మాట్లాడుకుని అందరూ ఒకే మాట మీద ఉంటే కాంట్రాక్టర్ ఒక ఊరిని చూపించి ఇంకో ఊరిని బెదిరించలేడు. ఒప్పందం కాగితంలో ధర పన్నుతో కలిపా, పన్ను కాకుండానా అన్నది స్పష్టంగా రాసి ఉండాలి, పోయినసారి కాగితం తీసి అది ఎలా రాసి ఉందో ఇప్పుడే చూసుకోండి.